పరాకాష్ఠ : ఒక పదముయొక్క పూర్వచరిత్రము

తెలుఁగునఁ బండితులును బామరులును సమానముగా వాడుకొను సంస్కృతపదములలో "పరాకాష్ఠ" యొకటి. భక్తికిఁ బరాకాష్ఠ, త్యాగమునకుఁ బరాకాష్ఠ యనుట పురాణకాలక్షేపములలో వినఁబడును. నిర్లక్ష్యమునకుఁ బరాకాష్ఠ, దుర్మార్గమునకుఁ బరాకాష్ఠ యనుట వార్తాపత్రికలలో నిత్యము కానఁబడును. దాఁటుటకు వీలులేని తుదిమెట్టు అని దీని యర్థము. అర్థమునందు వివాదము లేదు. ఆ యర్థ మీ పదమున కెట్లు వచ్చినదన్నచో మాత్రము సరియైన సమాధానము సులభముగా దొరకదు.

కాష్ఠమనఁగనే తెలుఁగువానికి ముందుగాఁ దోఁచునది కట్టె. ఆ వెనుకఁ దోఁచునది చితి. ఎన్నఁటికి నాఱని తగవును "రావణకాష్ఠము" అనుట జనవ్యవహారమునఁ గలదు. ఈ జాతీయమును జూచి, పరాకాష్ఠ యనఁగాఁ గడపటి కట్టె, అనఁగా మనుష్యుని బ్రదుకునకుఁ దుదియైన చితి యని బాలురకుఁ జెప్పుట మిక్కిలి సులభము. వినుటకు నింపుగానే యుండును. కాని యది సత్యము కాదు. ఈ పదము పుట్టినచోటు గుఱ్ఱములు కట్టిన రథములు పందెమునకుఁ బరుగెత్తిన బయలు. ఈ సంగతి శబ్దరూపమువలనను, వేదప్రయోగములవలనను, యజ్ఞకర్మమువలనను స్థాపింపఁదగియున్నది.

రూపవిచారము

కఱ్ఱ యను నర్థముగల కాష్ఠశబ్దము నపుంసకలింగము, అకారాంతము. పరాకాష్ఠలోని కాష్ఠాశబ్దము స్త్రీలింగము, ఆకారాంతము. తత్సమము చేయునపుడు మొదటిది "కాష్ఠము" అగును. రెండవది తుదిదీర్ఘమునకు హ్రస్వము వచ్చి "కాష్ఠ" యగును. లతాశబ్దము లత యైనట్లే యిదియు. బాలవ్యాకరణమునఁ దత్సమపరిచ్ఛేదము చదివిన విద్యార్థులకుఁ గూడ నీ భేదము తెలిసినదే. "పరాకాష్ఠము" అని తెలుఁగున నెవ్వరు ననకపోవుటయే యీ రెండును వేఱుశబ్దములనుటకు జనుల నాలుకయందే యున్న సాక్ష్యము.

ఉణాదిపాఠమున హన్, కుష్, నీ, రమ్, కాశ్ అను నైదు ధాతువులకుఁ గ్థన్ ప్రత్యయము విధింపఁబడినది. అందు రమ్ ధాతువువలన రథశబ్దమును, కాశ్ ధాతువువలనఁ గాష్ఠశబ్దమును సిద్ధించుచున్నవి. రథమును, రథము చేరవలసిన గుఱియు నొక్కసూత్రముననే వ్యుత్పన్నములగుట కాకతాళీయమే యైనను జ్ఞప్తియందుంచుకొనఁదగినది. ఇడాగమము నిషిద్ధమగుటచే ధాతువు తుది శకారము ప్రత్యయథకారముతోఁ గలియును. శకారమునకు షకారము వచ్చును. ష్టుత్వముచే థకారము ఠకారమగును. ప్రత్యయమునందున్నది మహాప్రాణము కావున సిద్ధరూపమునందును మహాప్రాణమే యుండవలెను. పత్రికలందుఁ దఱుచుగాఁ గానవచ్చు "పరాకాష్ట" యను వ్రాఁత యీ హేతువుచేత నశుద్ధము. మఱియుఁ బ్రత్యయము నిత్తగుటచే శబ్ద మాద్యుదాత్తము కావలెను; ఋగ్వేదపాఠమునఁ గాష్ఠాశబ్ద మాద్యుదాత్తముగానే పఠింపఁబడుచున్నది.

కాశ్ ధాతువునకుఁ బ్రకాశించుట యర్థము గనుక, దూరమునుండి కంటికిఁ దెల్లముగాఁ గనఁబడునది కాష్ఠ యని యీ వ్యుత్పత్తిచేఁ దేలును. యాస్కుఁడు వేఱుమార్గమునఁ బోయి, క్రమించి నిలిచినది కాష్ఠ యని చెప్పెను. వ్యుత్పత్తులు పెక్కు చెప్పవచ్చును. అర్థమును నిర్ణయించునది ప్రయోగమే.

వైదికప్రయోగములు

ఋక్సంహితలోఁ గాష్ఠాశబ్దమున్న తావులఁ బెక్కింట దానిచెంత గుఱ్ఱ మున్నది. గుఱ్ఱముల కాష్ఠలయందు నరులు నిన్నే పిలుచుచున్నారని యాఱవమండలమున ఋషి యింద్రునితోఁ జెప్పును. ఏడవమండలమున నింద్రాగ్నులను బిలుచు విప్రులు కాష్ఠను జేరు గుఱ్ఱములతోఁ బోల్పఁబడిరి. తొమ్మిదవమండలమున సోమధారలు కాష్ఠకై పరుగెత్తు వాజులైనవి. ఎనిమిదవమండలమునఁ గాష్ఠ విశాలమైనదనియు, ధన మందుంచఁబడినదనియుఁ జెప్పఁబడినది. ఇచట ధనమనఁగా గెలిచినవాఁడు తీసికొనిపోవు పందెపుసొమ్ము. ఈ ప్రయోగములను గలిపి చూచినచోఁ గాష్ఠ యనునది యొకప్పుడు పరుగుబయలంతయు, నొకప్పుడు దాని తుదిగుఱియు నైయున్నదని తేటపడును.

కఱ్ఱ యను నర్థ మిచట నెంతమాత్రము పొసఁగదు. ఋక్సంహితలోఁ గఱ్ఱను జెప్పుటకు దారు, వన, ఇధ్మాదిశబ్దము లున్నవికాని నపుంసకమైన కాష్ఠశబ్దము కానరాదు. అది శతపథబ్రాహ్మణాదులయందు దరువాతఁ గనఁబడును. ఇంతకంటె నిశ్చయమైన ప్రమాణము పదవమండలమునందలి ముద్గలసూక్తమునఁ గలదు. భార్మ్యశ్వుఁడైన ముద్గలుఁడు గుఱ్ఱములకు బదులుగా నొక వృషభమును, ద్రుఘణమను కొయ్యసమ్మెటను బండికిఁ బూన్చి యాజిని గెలిచెనని యాస్కుఁ డీ సూక్తమునకుఁ గథ చెప్పెను. ఆ ద్రుఘణము కాష్ఠనడుమఁ బడియున్నదని ఋషి చూపుచున్నాఁడు. కొయ్యకు ద్రుఘణమనియు, అది పడియున్న చోటునకుఁ గాష్ఠ యనియు నొక్కఋక్కుననే వేఱువేఱు పేరు లుండఁగాఁ గాష్ఠకుఁ గొయ్య యని యర్థము చెప్పుట యెట్లు?

పైని వచ్చిన "ఆజి" శబ్దమును గూర్చియు నొకమాట చెప్పవలెను. అజ్ ధాతువునకుఁ దోలుట యర్థము. గుఱ్ఱములను దోలుటచే నేర్పడిన పందెము ఆజి. ఆజికిఁ బరుగెత్తుట, ఆజిని గెలుచుట యను పలుకుబళ్లు బ్రాహ్మణగ్రంథములయందు సమృద్ధిగా నున్నవి. పందెమునకు మరలుచోటుగా నేలమీఁద గీయఁబడిన గీఁతకుఁ గార్ష్మన్ అని పేరు. అది కృష్ ధాతువువలనఁ బుట్టినది. వేదకాలముతోడనే కార్ష్మశబ్దము వ్యవహారమునుండి తొలఁగిపోయినది. కాష్ఠాశబ్దము నిలిచినది. అది నిలుచుటకుఁ గారణము యజ్ఞము.

వాజపేయమునందలి కాష్ఠ

సోమయాగభేదములలో వాజపేయమునకు రథధావనము ప్రధానాంగము. అందు సర్వమును బ్రజాపతిసంఖ్యయైన 17తో ముడిపడియుండును. రథములు 17, భేరులు 17. రాజన్యుఁ డొకఁడు విల్లెక్కుపెట్టి బాణమును విడుచును. అది పడినచోటినుండి మరల విడుచును. ఇట్లు 17 బాణపాతముల దూరము కొలువఁబడును. ఆ దూరమునకుఁ దుదిని మేడికొమ్మ నాటుదురు. అదియే కాష్ఠ. పరుగునకు ముందు గుఱ్ఱములచే బృహస్పతికి నిర్దేశించిన నివ్వరిచరువును వాసనచూపింతురు. బ్రహ్మ యను ఋత్విజుఁడు రథచక్రము నెక్కి సామము పాడును. భేరులు మ్రోఁగును. రథములు మేడికొమ్మను జుట్టి వేదికడకు మరలివచ్చును. యజమానుని రథమునకే గెలుపు.

ఈ సందర్భమునఁ జదువఁబడు మంత్రము వాజసనేయసంహితయందును, దైత్తిరీయసంహిత ప్రథమకాండము 7వ ప్రపాఠకమునందును గలదు. అందు గుఱ్ఱములనే సంబోధించి, దారిని బిగఁబట్టి యోజనములను గొలుచుచుఁ గాష్ఠకుఁ బొండని చెప్పుదురు. గుఱ్ఱముతోఁ జెప్పుచున్న మాట కావున నిచటఁ గాష్ఠాశబ్దమునకు లక్షణార్థముతోఁ బనిలేదు. కంటి యెదుట నాటఁబడిన గుఱియే దాని యర్థము.

కాష్ఠ మేడికొమ్మయే యైనచోఁ గఱ్ఱ యను నర్థము మరల వచ్చినదికదా యని శంకింపవచ్చును. శంక యుచితమైనదే. కాని యా కొమ్మకుఁ గాష్ఠ యను పేరు కొమ్మ యగుటచే వచ్చినది కాదు, పరుగునకుఁ దుదియగుటచే వచ్చినది. దీనికి ఋగ్వేదబ్రాహ్మణమే సాక్షి.

సూర్యుఁడు కాష్ఠ యైన కథ

ఐతరేయబ్రాహ్మణము చతుర్థపంచికయందు దేవతల పందెము వర్ణితమైనది. ప్రజాపతి తన కూఁతురైన సూర్యాసావిత్రిని సోమరాజున కీయఁబూనెను. దేవతలందఱును వరులై వచ్చిరి. సహస్రసంఖ్యగల మంత్రసముదాయమును ప్రజాపతి పెండ్లికానుకగాఁ గల్పించెను. అది నాదన నాదని దేవతలు తగవులాడిరి. తుదకు, ఆజి పరుగెత్తుదము, గెలిచినవానికిది యగుఁగాక యని సమయము చేసికొనిరి. గృహపతియైన యగ్నిని మొదలుగాఁ బెట్టుకొని యాదిత్యుని గాష్ఠగాఁ జేసికొనిరి.

అగ్ని కంచరగాడిదల రథముతోఁ బరుగెత్తెను. ఉషస్సు ఎఱ్ఱని గోవులతోఁ బోయెను. ఇంద్రుఁడు గుఱ్ఱపురథముతో వచ్చెను. గాడిదల రథము నెక్కిన యశ్వినులు గెలిచిరి. గుఱ్ఱముపేరు పెట్టుకొన్న దేవతలు గాడిదలతో గెలుచుటయు, గుఱ్ఱములు పూన్చిన యింద్రుఁడు వెనుకఁబడుటయు నీ కథలోని వింత. ఆ పరుగుతో గాడిద తన వేగమును బోఁగొట్టుకొన్నదని బ్రాహ్మణము చమత్కరించుచున్నది. అతిరాత్రమున సూర్యోదయపర్యంతము చదువఁబడు శస్త్రమున కాశ్వినమను పేరు వచ్చుట కిది హేతువుగాఁ జెప్పఁబడినది.

ప్రకృతమునకు ముఖ్యమైన దాదిత్యుఁడు కాష్ఠ యగుట. సూర్యుఁడు కొమ్మకాఁడు, కట్టెకాఁడు. పరుగున కవధి యగుటచేతనే సూర్యునకుఁ గాష్ఠాత్వము వచ్చినది. మేడికొమ్మయైనను, సూర్యమండలమైనను ఎచట పరుగు ముగియునో యదియే కాష్ఠ.

ఈ కథ యాస్కుని వాక్యమునకుఁ గూడ వెలుఁగు చూపును. నిఘంటువు దిఙ్నామములలోఁ గాష్ఠాశబ్దమును జదివినది. యాస్కుఁడు నిరుక్తము రెండవ యధ్యాయమున దానిని వ్యాఖ్యానించుచుఁ గాష్ఠకు దిక్కులు, ఉపదిక్కులు, ఆదిత్యుఁడు, ఆజ్యంతము, జలములు అని యైదర్థములు చెప్పెను. ఆజ్యంతమనఁగా ఆజియొక్క యంతము. దీనిని నేయియను నర్థముగల యాజ్యశబ్దముతోఁ గలిపి పొరపడరాదు. పరస్పరసంబంధము లేనట్లు కనఁబడు నీ యర్థముల కన్నింటికిని నాజ్యంతమును నడుమఁబెట్టినచోఁ గుదురు చిక్కును. ఆదిత్యుఁడు దేవతల యాజికి గుఱి. దిక్కు చూపు పరుగెత్తి నిలుచు తావు. నీ ళ్లేల కాష్ఠలైనవని విచారించినచో, పాఱి పాఱి నిలుచునవి యగుటచే నని యాస్కుఁడే సమాధానము చెప్పియున్నాఁడు; వృత్రుని శరీరము కాష్ఠలనడుమఁ బడియున్నదను ఋక్కునందు జలార్థమునే చూపినాఁడు. అన్నిటియందును గమనమును, గమనమునకుఁ దుదియు నను రెండంశములు తప్పకయున్నవి.

బయలునుండి భావమునకు

పందెపుగుఱిని దెలుపు మాట యున్నతస్థితిని దెలుపు జాతీయముగా నెప్పుడు మాఱినది? కావ్యకాలమున నని తలఁచుట సహజము. కాని యా మార్పు సంహితాకాలముననే జరిగినది. తైత్తిరీయసంహిత ప్రథమకాండము 6వ ప్రపాఠకమున దర్శపూర్ణమాసముల ప్రశంసయున్నది. ఆ యజ్ఞము మొదట పరమేష్ఠిదైయుండెను. దానిచే నతఁడు పరమయైన కాష్ఠను బొందెను. దానిని బ్రజాపతి కిచ్చెను. ప్రజాపతియుఁ బరమయైన కాష్ఠను బొందెను. ప్రజాపతి యింద్రునకును, ఇంద్రుఁ డగ్నీషోములకును నిచ్చిరి. వారును నట్లే పొందిరి. ఎవఁ డిట్లెఱిఁగి యాగము చేయునో వాఁడును బరమకాష్ఠను జేరునని ఫలశ్రుతి.

ఇచట రథము లేదు, గుఱ్ఱము లేదు, మేడికొమ్మ లేదు. ఉన్నది యుత్తమపదవి మాత్రమే. "పరమా కాష్ఠా" యను పదయుగ్మ మిచట సంపూర్ణముగా జాతీయమై నిలిచినది. ఒక్క సంహితలో, నొక్క కాండములో, 6వ ప్రపాఠకమున లాక్షణికార్థమును, 7వ ప్రపాఠకమున ముఖ్యార్థమును బ్రక్కప్రక్కనే యున్నవి. తెలుఁగునాఁటి వైదికులలోఁ బెక్కండ్రు తైత్తిరీయశాఖీయులు. ఈ రెండు ప్రపాఠకములును వారి కంఠమున నున్నవి. పరాకాష్ఠ యెచట పుట్టినదని వెదకువారికి దూరదేశయాత్ర యక్కఱలేదు.

కాష్ఠకుఁ "బోవుట" యను క్రియ కూడ గమనింపఁదగినది. గుఱ్ఱములును గాష్ఠకుఁ బోవును, ప్రజాపతియుఁ గాష్ఠకుఁ బోవును. అర్థము మాఱినను గమనార్థకక్రియ విడువలేదు. తెలుఁగునను "పరాకాష్ఠకుఁ జేరినది", "పరాకాష్ఠ నందినది" యనుటయే పూర్వపుఁ బలుకుబడి. చేరుట, అందుట యను నీ క్రియలలోఁ బరుగు యొక్క జాడ మిగిలియున్నది.

కఠోపనిషత్తు మూఁడవవల్లి యీ చరిత్రమున మఱియొక మెట్టు. అందు శరీరము రథము, ఆత్మ రథి, బుద్ధి సారథి, మనస్సు పగ్గము, ఇంద్రియములు గుఱ్ఱములు. గుఱ్ఱములను వశమునందుంచుకొన్నవాఁడు దారికిఁ దుదియైన విష్ణుపదమును జేరునని చెప్పి, యంతట నింద్రియములకంటె నర్థములు, వానికంటె మనస్సు, దానికంటె బుద్ధి, దానికంటె మహత్తు, దానికంటె నవ్యక్తము, దానికంటెఁ బురుషుఁడు పరమని మెట్లుమెట్లుగాఁ జెప్పి, పురుషునకుఁ బరమైనది లేదని నిలిపి, అదియే కాష్ఠ యనియు, అదియే పరగతి యనియు శ్రుతి ముగించినది. శంకరభగవత్పాదు లిచటఁ గాష్ఠకుఁ బర్యవసానమని యర్థము చెప్పిరి. అర్థము నిర్దుష్టము. ఐనను రథమును, సారథిని, గుఱ్ఱములను, దారిని వరుసగాఁ జెప్పిన వల్లియందే యీ శబ్దము వచ్చుట యాదృచ్ఛికము కాదు. రథమున కేర్పఱచిన గుఱి యాత్మయాత్రకు గుఱి యైనది.

ముఖ్యార్థము మఱుఁగుపడుట

ఇంత స్పష్టమైన మూలము పండితులకుఁ గూడ నేల మఱపునకు వచ్చినది? రెండు శబ్దములు రెండుదారులఁ బోవుటయే దీనికిఁ గారణము. ఆజిశబ్దము పందెపుబయలు విడిచి యుద్ధరంగమునఁ బ్రవేశించినది. అమరసింహుఁడు దానిని యుద్ధనామములలోఁ జదివెను. తెలుఁగుకవులకు నాజి యనఁగా యుద్ధమే. కాష్ఠాశబ్దమునకు నానార్థవర్గమున నమరుఁడు చెప్పిన యర్థములు మూఁడు: ఉత్కర్ష, స్థితి, దిక్కు. స్థితి యనఁగా మర్యాద, హద్దు. ఇవిగాక కాలవర్గమున 18 నిమేషముల కాలము కాష్ఠ యనియు, 30 కాష్ఠలు కళ యనియుఁ జెప్పెను. విష్ణుపురాణము 15 నిమేషములనియు, కౌటిల్యుఁడు 5 నిమేషములనియుఁ జెప్పుటచే నీ కొలఁతయందు మతభేద మున్నది. ఆజ్యంతమను నర్థ మమరమున నెచటను లేదు. కన్నతల్లి వేఱింటికిఁ బోఁగాఁ గూఁతురు కులమేదో తెలియనిదైనట్లు, ఆజి యుద్ధమైన పిమ్మట నాజ్యంతమునకుఁ జోటులేకపోయినది. అమరమునే మొదట వల్లెవేయు విద్యార్థికి యాస్కుని యర్థము తెలియుట కవకాశ మరుదు.

కాళిదాసు కాలమునకు లాక్షణికార్థమే రూఢమైయున్నది. కుమారసంభవము తృతీయసర్గమున వసంతమన్మథులు తపోవనమును జొచ్చినపుడు ప్రాణిద్వంద్వముల స్నేహము కాష్ఠను జేరినదని కవి చెప్పెను. పంచమసర్గమునఁ బార్వతీతపోవర్ణనయందు మన కిప్పటి పదమే, "పరా కాష్ఠా" యని, వ్యస్తముగాఁ బ్రయుక్తమైనది. తమంతఁ దాము రాలిన యాకులు తిని బ్రదుకుట తపస్సునకుఁ బరాకాష్ఠ. ఆమె యా యాకులను గూడ విడిచినది. కావుననే పురావిదు లామె నపర్ణ యనిరి. తెలుఁగునాఁట వెలసిన కోలాచల మల్లినాథసూరి యిచట నుత్కర్షార్థమునే చెప్పెను. లోకము తుది యని నిలిపినదానిని దాఁటిపోవుట పార్వతి ఘనత. గుఱి యొకటి నాటఁబడియున్నప్పుడే కదా దానిని దాఁటుట యనుమాట పొసఁగును! కవి పందెమును దలఁపకపోయినను శబ్దము తన పుట్టుకను మఱవలేదు.

శాస్త్రమున నీ పదము మఱింత నిశితమైనది. యోగసూత్రవ్యాసభాష్యమున వైరాగ్యము జ్ఞానమునకుఁ బరాకాష్ఠ యని చెప్పఁబడినది. ఈశ్వరసర్వజ్ఞత్వమును సాధించుతావున "కాష్ఠాప్రాప్తి" యనునది పారిభాషికప్రాయమైనది. తారతమ్యముగల ధర్మమున కెచటనో తుది యుండవలెను, పరిమాణమునకువలె; జ్ఞానమునకును దారతమ్యము గలదు కావున దానికిఁ దుది యుండవలెను; ఆ తుది యెవనియందో యతఁడే సర్వజ్ఞుఁడని యనుమానము. ఒకనికంటె నొకఁడు ముందగుటయు, అందఱికి నొక్కతుది యుండుటయుఁ బందెమునందువలెనే యిచటను హేతువున కాధారము.

ఇట్టి పరిణామ మొక్క సంస్కృతమునకే చెల్లినది కాదు. గ్రీకుభాషలో రథములు మరలు గుఱికి "టెర్మా" యని పేరు. అదియే హద్దు, తుది యను నర్థములఁ బొందినది. హోమరుని ఇలియదు 23వ సర్గమున వృద్ధుఁడైన నెస్టరు తన కుమారునకు రథపందెపు మెలఁకువలు చెప్పుచు నట్టి గుఱిని వర్ణించును. అచటి గుఱియు నెండిన చెట్టుమోడే. లాటినుభాషలో రోమకుల పందెపుబయలి కొనల నున్న స్తంభములకు "మేటా" యని పేరు; అదియు నవధ్యర్థమును బొందినది. గుఱి దేనితోఁ జేయఁబడినను భాష గ్రహించునది తుదియను భావమునే యనుట కివి చక్కని దృష్టాంతములు.

సమాసవిచారము

ఇఁక నొక వైయాకరణశంక మిగిలియున్నది. పరాశబ్దము కాష్ఠాశబ్దమునకు విశేషణము; రెండును గలిసి కర్మధారయమైనచోఁ బూర్వపదమునకుఁ బుంవద్భావము రావలెను. మహతీ నవమి మహానవమి యైనట్లును, కృష్ణా చతుర్దశి కృష్ణచతుర్దశి యైనట్లును, పరా కాష్ఠ "పరకాష్ఠ" కావలెను. సంజ్ఞయగుటచేఁ బుంవద్భావము రాదనుటకును వీలులేదు. కర్మధారయవిధి యట్టి నిషేధములకుఁ గూడఁ బ్రతిప్రసవము. పరాక్రమము, పరాభవము మొదలగువానియందువలె నిచటఁ బరా యనున దుపసర్గ మనుటయు నర్థముచేఁ గుదురదు. కావునఁ బరాకాష్ఠ యపశబ్దమనియు, పరకాష్ఠ యని దిద్దవలెననియు నొక పక్షము పుట్టుటకుఁ దగిన యవకాశమున్నది.

ఈ పక్షము సంస్కృతమునకు సరియే కాని తెలుఁగునకుఁ జెల్లదు. సంస్కృతకవులు, భాష్యకారులు దీనిని సమాసము చేయక రెండుపదములుగానే వాడిరి. తెలుఁగు గ్రహించినది యా పదయుగ్మమునే. రెండును వేఱుపదములుగాఁ దెలుఁగునకు వచ్చియుండినచోఁ దుదిదీర్ఘమునకు హ్రస్వవిధి రెండింటికిని వర్తించి "పర కాష్ఠ" యైయుండును. హ్రస్వము రెండవదానికి మాత్రమే వచ్చి మొదటిదానికి రాకపోవుటచే, యుగ్మమంతయు నొక్కముద్దగాఁ దెలుఁగున దిగినదనియు, పరా యనునది మధ్యగతమగుటచే దాని దీర్ఘము నిలిచినదనియు స్పష్టము. నాస్తి, తథాస్తు మొదలగు సంస్కృతవాక్యములే తెలుఁగున నామప్రాయములై చెల్లుచుండఁగా, విశేషణవిశేష్యయుగ్మ మొకటి యేకపదమై చెల్లుటయం దాశ్చర్యము లేదు. తెలుఁగున "పరాకాష్ఠ"యే సాధువు. దానిని దిద్దినచో శబ్దచరిత్రమును దుడిచివేసినట్లగును.

వ్యవహారము

తెలుఁగున నీ పదమునకు వచ్చిన మార్పు రెండువిధములు. మొదటిది వాక్యనిర్మాణమునందు. ఒకని త్యాగము పరాకాష్ఠకుఁ జేరినదనుట పూర్వపు రీతి. ఒక పని నిర్లక్ష్యమునకుఁ బరాకాష్ఠ యనుట నేఁటి రీతి. మొదటిదానియందుఁ జేరవలసిన తుది యున్నది. రెండవదానియందు గమనము పోయి, పరాకాష్ఠ యనునది గొప్పయుదాహరణమను నర్థమునకు దిగినది. రెండవమార్పు విషయమునందు. సంహితయందుఁ బ్రజాపతియు, నుపనిషత్తునఁ బురుషుఁడును, గావ్యమునఁ బార్వతీతపస్సును, శాస్త్రమున జ్ఞానవైరాగ్యములును గాష్ఠయందు నిలిచినవి. నేఁటి పత్రికలలో నవినీతియు, నిర్లక్ష్యమును, గ్రూరత్వమును నా చోటును దఱుచుగా నాక్రమించుచున్నవి. ఉత్కర్ష మంచికిని జెడ్డకును సమానమే కావున నిది తప్పని యనుటకు వీలులేదు. వ్యవహారము శాసనములకు లోఁబడునది కాదు.

ఐనను బాఠశాలలయందుఁ జెప్పవలసిన సంగతులు మూఁడు మిగులుచున్నవి. పరాకాష్ఠలోని వర్ణము ఠకారము. ప్రత్యయమునుండి వచ్చిన మహాప్రాణమును విడువరాదు. అది కట్టెకును జితికిని సంబంధించినది కాదు. రావణకాష్ఠమునకును దీనికిని జుట్టఱికము లేదు. దాని తొలియర్థము, రథములు పరుగెత్తిన బయలికొనను నాటిన గుఱి. 17 బాణపాతముల దూరమున నిలిచిన మేడికొమ్మను బాలునకు మనస్సునఁ జూపినచో నర్థము వానికి వల్లెవేయ నక్కఱలేకయే తెలియును. పిమ్మట పార్వతీతపోవర్ణన చదివినపుడు, ఆమె దాఁటిపోయిన దేమో వానికి మఱియొకరు చెప్పవలసిన పనియుండదు.